ముఖ పరీక్ష

ఆ రోజుల్లో నా ముఖానికి ఒక శక్తి ఉండేది. నిండుగా చెరుకు వేసిన బండినీ, దాన్ని లాగే రెండు ఎడ్లనూ, తోలే మనిషినీ ఒక్కసారిగా నిలబెట్టేది. నేను చెయ్యి ఎత్తనక్కర్లేదు, నోరు తెరవనక్కర్లేదు. ఎదురు వస్తే చాలు. మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, పగ్గాలు గుంజి బండి ఆపేవాడు. కిందికి దిగి, నా వైపు కాకుండా ఎడ్ల వైపు చూస్తూ తుపుక్కున ఉమ్మేసి, బాట పక్కన కూర్చునేవాడు. కాసేపు ఆగి, చెంబెడు నీళ్లు తాగి, అప్పుడు మళ్లీ బండెక్కేవాడు. అలా చేస్తే శకునం తప్పిపోతుందని నమ్మకం. ఏటా బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచే నెలల్లో, మా ఊరి బండ్లు ఆ బాటన పోయినన్నాళ్లూ, నేను కనిపిస్తే ఇదే తంతు.

నేను విధవను. పదమూడో ఏట పెళ్లయింది, పద్నాలుగో ఏట అది కూడా అయిపోయింది. కాపురానికి పోకముందే అతను జ్వరంతో పోయాడు. అతని ముఖం నాకు సరిగా గుర్తు లేదు. పెళ్లిలో తెర దించినప్పుడు ఒకసారి, పక్కపక్కన కూర్చోబెట్టి బువ్వ తినిపించినప్పుడు ఒకసారి చూశాను. అతని కోసం ఏడ్చానని రాస్తే అబద్ధమవుతుంది. గాజులు పగలగొట్టినప్పుడు మాత్రం ఏడ్చాను. అవి కొత్తవి, ఆకుపచ్చవి, నేను ఏరుకున్నవి.

ఆ తర్వాత నా బతుకంతా ఇంటి వెనకే. ఎడ్ల కొట్టం, వాటికి కుడితి పోసే గోలెం, వడ్లు దంపే రోలు. పొద్దున్నే ఎవరి కంటా పడకూడదు. పెళ్లి మాటలు జరిగే చోట ఉండకూడదు. ఎవరైనా ఎదురైతే కొంగు లాక్కుని తల దించుకోవాలి. తల దించడం ఎంత అలవాటైందంటే, ఎవరూ లేనప్పుడు కూడా నా మెడ అలాగే ఉండేది.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మా బాపు మాత్రం నన్ను మళ్లీ బడికి పంపాడు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "ఇంట్ల కూసోని ఏడ్సుడుకన్న బడిల కూసుంటది" అన్నాడు, అంతే. పెద్దబాపు ఊరుకోలేదు. ఎడ్లు, పొలం, ఇల్లు అన్నీ ఇద్దరికీ ఉమ్మడే కాబట్టి ఆయన మాటకు బలం ఉండేది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. బండ్లన్నీ ఫ్యాక్టరీకి పోయాకే నేను బడికి బయలుదేరాలి. అందుకే నాలుగేళ్ల పాటు చెరుకు సీజన్‌లో రోజూ బడికి ఆలస్యంగానే పోయాను. మొదటి గంటలో చెప్పిన లెక్కలు నాకు ఇప్పటికీ రావు. అయినా పదో తరగతి గట్టెక్కాను.

ఇంకో సంగతి చెప్పాలి. మా ఇంట్లో చెరుకుతో పాటు పసుపు కూడా పండేది. మాఘమాసం వస్తే వాకిలంతా పసుపు రాశులే. ఉడకబెట్టడం, ఎండబెట్టడం, కాడి వేరు గోళ వేరు చేయడం, అంటే పొడుగు కొమ్ములను ఒక పక్కకు, గుండ్రటి దుంపలను ఒక పక్కకు ఏరడం, సగం నా చేతి మీదే జరిగేది. మోచేతుల దాకా పచ్చగా అయ్యేదాన్ని. దానికి ఎవరికీ అభ్యంతరం లేదు. పని చేస్తే అంటిన పసుపుకు తప్పు లేదు, ముఖానికి రాసుకుంటే తప్పు. పుట్లకొద్దీ పసుపున్న ఇంట్లో నా ముఖానికి చిటికెడు లేదు. దీని మీద నాకు అప్పుడు కోపం రాలేదు. ఆ కోపం తర్వాత వచ్చింది, వచ్చింది మళ్లీ పోలేదు.

పదో తరగతి ఫలితాలు వచ్చిన ఏడాదికి, బళ్లో నాకు చదువు చెప్పిన పంతులమ్మ ఒక సంగతి చెప్పింది. సర్కారు వాళ్లు గ్రామసేవికల్ని తీసుకుంటున్నారట. ఊరూరా తిరిగి ఆడవాళ్లకు పొగ రాని పొయ్యి కట్టుకోవడం, పెరట్లో కూరగాయలు వేసుకోవడం, బాలింతలు ఏం తినాలో, పసిపిల్లల్ని ఎలా చూసుకోవాలో చెప్పే కొలువు. పదో తరగతి చాలు. భర్త పోయినవారికి ముందు అవకాశం ఇస్తారని ఆ ప్రకటనలో రాసి ఉంది. నేను విధవను కావడం వల్ల నాకు ఒక మేలు జరగవచ్చునని ఎవరైనా అనడం అదే మొదటిసారి. పంతులమ్మే దరఖాస్తు నింపించి పంపింది. ఆ తర్వాత ఆమె కాన్పుకని పుట్టింటికి వెళ్లిపోయింది.

ఇది తెలిసి పెద్దబాపు బాపుతో తెగేసి చెప్పాడు. "గీ ఒక్కసారి పోనియ్యి. గిది తప్పితే మల్ల సదువనీ కొలువనీ మాట ఇంట్ల ఇనరావద్దు. అది కొట్టంల ఉండాలె, గంతే." బాపు సరేనన్నాడు. సరేననక ఏం చేస్తాడు? కొట్టం గోడ అవతల కూర్చుని నేను అంతా విన్నాను. అంటే ఒక్క దెబ్బ. తగిలితే తగిలినట్టు, తప్పితే ముసలిదాన్నయ్యే దాకా ఆ కుడితి గోలెమే నాకు దిక్కు. ఆ రోజు గోలెం వంక చూస్తే దాని మీద అసహ్యం వేసింది, పాపం అది చేసిందేమీ లేకపోయినా.

మాఘమాసంలో ఆఫీసు నుంచి లిఫాఫా, అంటే కవరు వచ్చింది. నేనే చదివాను. నిజామాబాద్‌లో ఫలానా ఆఫీసులో, ఫలానా రోజు పది గంటలకు "ముఖ పరీక్షకు హాజరు కావలెను" అని ఉంది.

ముఖ పరీక్ష!

పదో తరగతి చదివినదాన్ని, నాకైనా తెలియవద్దా అని మీరు అడగవచ్చు. తెలియలేదు. మా బళ్లో పరీక్షంటే కాగితం మీద రాసేదే. ఆఫీసుల్లో అంతకుముందంతా ఉర్దూ, ఆపైన ఇంగ్లీషు. తెలుగు అప్పుడప్పుడే కాళ్లు కడుక్కుని లోపలికి వస్తోంది. ఆ తెలుగు మా ఇంట్లో మాట్లాడే తెలుగు కాదు. అడుగుదామంటే పంతులమ్మ లేదు. బాపు ఆ కాగితం పట్టుకుని, ఊరి లెక్కలు రాసే పట్వారీ దగ్గరికి పోయి, ఆయన్నే ఇంటికి వెంటబెట్టుకుని వచ్చాడు.

పట్వారీ ఉర్దూలో దిట్ట. తెలుగు మాత్రం కూడబలుక్కుని చదివేవాడు. అయితే తెలియదు అనే మాట ఆయన నోట ఎవరూ వినలేదు. కళ్లజోడు సవరించుకుని, కాగితాన్ని దగ్గరగా పెట్టి, దూరంగా పెట్టి చూశాడు.

"ముఖం అంటే ఏంది? చెహ్రా. పరీక్ష అంటే ఇమ్తిహాన్. చెహ్రే కా ఇమ్తిహాన్. గింత చిన్న ముచ్చట తెలుస్తలేదా?" అన్నాడు.

"చెహ్రాకు ఇమ్తిహాన్ ఏంది పట్వారీ సాబ్?" అన్నాడు బాపు.

"పోలీసుల తీసుకుంటే ఛాతీ కొలుస్తరా లేదా? ఫౌజుల తీసుకుంటే ఎత్తు సూస్తరా లేదా? డ్రైవర్లకు కండ్లు సూస్తరు. మరి ఆడోళ్లకు ఏం కొలుస్తరు? మొకం సూస్తరు. మొకం బాగుంటే కొలువిస్తరు."

ఆయన వాదంలో తప్పు ఎక్కడుందో మాకు కనిపించలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషే గానీ, ఆ రోజు ఆ కుందేలుకు మూడు కాళ్లే ఉన్నాయని మేమూ నమ్మాం.

తలుపు చాటున నిలబడ్డ అవ్వ, అంటే మా అమ్మ, అక్కడే నేల మీద కూలబడింది. "బిడ్డ దగ్గర లేనిదే గదా అది" అంది.

నిజమే. లెక్కలు అడిగినా ఏదో ఒకటి చెప్పి ఉందును. ఎవరూ చూడకూడదని ఐదేళ్లుగా దాచిన ముఖాన్ని, బండ్లను నిలబెట్టే ముఖాన్ని, పట్నం తీసుకుపోయి ఆఫీసర్ల ముందు పెట్టాలట! పోను అని చెప్పేద్దామా అనుకున్నాను. కొట్టంలోకి పోయి గోలెం చూశాక ఆ ఆలోచన మానుకున్నాను.

మర్నాడు పొద్దున సాన మీద ఏదో అరగదీస్తున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. అవ్వ చిన్న గిన్నెతో కొట్టంలోకి వచ్చింది. గిన్నెలో పసుపు ముద్ద.

"మొకం ఇటు తిప్పు" అంది.

"నాకా అవ్వా?"

"ఇంకెవలికి? సర్కారు అడిగింది."

నేను గోడ వైపు జరిగాను. అవ్వ నా వైపు జరిగింది. ఊరు వద్దన్నది, ఆచారం వద్దన్నది. ఐదేళ్లు ఆ రెండింటికీ ఎదురు చెప్పలేని మా అవ్వకు వాటికంటే పెద్దది ఒకటి దొరికింది. సర్కారు. లిఫాఫా మీద ముద్ర కూడా ఉంది. ఇక ఆమెను ఆపేదెవరు?

నుదుటి నుంచి గడ్డం దాకా, చెవుల వెనక దాకా రాసింది. చల్లగా ఉంది. ఆ వాసన నాకు కొత్తది కాదు, నా చేతులకు ఎప్పుడూ ఉన్నదే. కానీ ముఖం మీద నుంచి వస్తుంటే వేరేగా ఉంది. నాకు ఏడుపు వచ్చింది. "ఏడ్వకు, పసుపు కారిపోతది" అంది అవ్వ.

బాపు రెండో రోజు కనిపెట్టాడు. మూడో రోజు రాశి లోంచి నాలుగు మంచి కాడులు ఏరి తెచ్చి అవ్వ ముందు పెట్టి, ఎడ్లకు నీళ్లు పెట్టాలని వెళ్లిపోయాడు.

అలా పది రోజులు. పసుపు ఒక్కటే కాదు. సున్నిపిండి, తలకు నూనె, పళ్లకు వేపపుల్ల. ఆఫీసరు ఏం చేస్తాడో అవ్వకు తెలియదు, పెళ్లిచూపుల్లో ఏం చేస్తారో తెలుసు. అందుకని అవే చేయించింది. బోర్లించిన గంప మీద దర్జాగా కూర్చుని ఆఫీసరయ్యేది. నడవమనేది. పళ్లు చూపించమనేది. సూదిలో దారం ఎక్కించమనేది. ఒకసారి "అప్పాలు చేసుడు వస్తదా?" అని కూడా అడిగింది. ఆఫీసరుకు అప్పాలెందుకే అంటే, "ఏమో, ఆయన ఇష్టం" అంది.

అన్నీ వచ్చాయి నాకు, ఒక్క తల ఎత్తడం తప్ప. అవ్వ నా గడ్డం కింద వేలు పెట్టి లేపేది. వేలు తీయగానే మెడ దిగిపోయేది. లేపేది, దిగిపోయేది. చివరికి అవ్వకు విసుగొచ్చి నన్ను పెరటి గోడ దగ్గర నిలబెట్టింది. అక్కడి నుంచి చూస్తే చెరుకు తోటల పైన ఫ్యాక్టరీ పొగగొట్టం కొస కనిపిస్తుంది. "గా పొగ సూడు. గది కండ్లకు ఆనేటట్లు తలకాయ పెట్టు. ఎవలు ముందట నిలవడ్డా గా పొగనే సూడు" అంది. అలా సాధన చేశాను. పొద్దున, మధ్యాహ్నం, పొద్దుగూకే ముందు. ఆరో రోజుకు మెడ నొప్పి తగ్గింది. ఎనిమిదో రోజుకు పొగగొట్టం వంక చూడకుండానే తల నిలబడింది.

పరీక్ష రోజునే ఫ్యాక్టరీ నుంచి మాకు చెరుకు కొట్టమని చీటీ వచ్చింది. కొట్టిన చెరుకు ఆ రోజే పోవాలి, లేకపోతే వాడిపోతుంది. అందుకని బాపు ఆగిపోయాడు, అవ్వా నేనూ బయలుదేరాం. ముఖం పచ్చగా మెరిసిపోతోంది. పెద్దబాపు చూస్తే ప్రళయమే. కొంగు ముక్కు దాకా లాక్కుని, పొలం గెట్ల వెంబడి పడి బోధన్ చేరి ప్యాసింజరు బండెక్కాం. ఎదురుగా కూరగాయల గంపతో ఒక మరాఠీ ముసలామె కూర్చుంది. నా కొంగు కింద నుంచి తొంగి చూసి "నవరీ?" అంది, పెళ్లికూతురా అని.

"ఔ. సర్కారుకు ఇస్తున్నం" అంది మా అవ్వ. నాకు తెలిసి మా అవ్వ వేసిన మొదటి హాస్యం అది.

నిజామాబాద్ స్టేషన్‌లో నల్లా దగ్గర నా ముఖం కడిగించింది. కొంగుతో తుడిచింది. తర్వాత బొడ్లోంచి ఒక చిన్న మూట తీసి విప్పింది. కుంకుమ. ఇంట్లో ఇది నాకు చెప్పలేదు.

"అవ్వా, పసుపంటే సరే. బొట్టు తప్పు గద" అన్నాను.

"బోసి మొకంతోని మొకం పరీక్షకు పోతరా? తప్పయితే నాకు తాకనీ."

పెద్ద బొట్టు పెట్టింది, రూపాయంత. పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. అప్పుడు ఆమె కళ్లు నిండాయి. పది రోజుల్లో ఆమె ఏడవడం అదొక్కటే. చుట్టూ జనం పోతూ వస్తూ ఉన్నారు. ఎవరూ ఆగలేదు, ఎవరూ పక్కకు తప్పుకోలేదు. పట్నంలో నా ముఖం ఎవరికీ పట్టలేదు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఆఫీసు వరండాలో ఇరవై మంది దాకా ఉన్నారు. అవ్వను గేటు దగ్గరే ఆపేశారు. నా పక్కన బెంచీ మీద ఒక పట్నం అమ్మాయి పుస్తకం ఒళ్లో పెట్టుకుని పెదవులు కదుపుతోంది.

"ఏం సదువుతున్నవక్కా?" అని అడిగాను.

"ముఖ పరీక్షకే."

"మొకం పరీక్షకు సదువెందుకు?"

ఆమె నా వైపు తిరిగి, నా పచ్చటి ముఖాన్ని, రూపాయంత బొట్టును చూసింది. మంచి పిల్ల, నవ్వలేదు. "రాత పరీక్ష కాకుండా, ఎదురుగా కూర్చోబెట్టి నోటితోటి అడుగుతరు. నోటితోటే చెప్పాలె. దాన్నే ముఖ పరీక్ష అంటరు" అంది.

పది రోజులు ముఖానికి పసుపు రాశాను, నోటికి ఏమీ రాయలేదు. ఈ అమ్మాయి పుస్తకమంతా బట్టీ పట్టింది. నేను సూదిలో దారం ఎక్కించడం నేర్చుకుని వచ్చాను. వెంటనే ఇంకోటి తట్టింది. దరఖాస్తులో విధవనని రాశాను, ముఖాన బొట్టుంది. తుడిచేద్దామని కొంగు నుదుటి దాకా తెచ్చాను. గేటు అవతల, ఎండలో, చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చున్న అవ్వ కనిపించింది. నన్నే చూస్తోంది. నేను చూడటం చూసి తన గడ్డం కొంచెం పైకెత్తి చూపించింది. నా చెయ్యి దిగిపోయింది. అంతలోనే లోపల నుంచి నా పేరు పిలిచారు.

ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కోస్తా వైపు నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు, ఒక పక్కన తెల్ల గడ్డం టోపీ ఆయన, ఇంకో పక్కన నూలు చీర కట్టుకున్న మేడం. పెద్ద ఆఫీసరు నా కాగితం చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కాగితం చూశాడు.

"ఏమ్మా, దరఖాస్తులో వితంతువునని రాశావు. మరి ఈ పసుపూ బొట్టూ ఏమిటి? ముందు అవకాశం ఇస్తామన్నామని అబద్ధం రాశావా? అబద్ధమైతే నీ పేరు ఇక్కడే కొట్టేస్తాను" అన్నాడు. కలం మూత తీశాడు కూడా.

కలం నా పేరు మీద ఆగి ఉంది. నా మెడ కిందికి దిగడం మొదలుపెట్టింది. నేల మీద ఆయన బూట్లు కనిపించాయి. అబద్ధం అన్న మాట అప్పటికి నా చెవిలో పూర్తిగా దిగింది, దాంతో కోపం వచ్చింది. కోపం వస్తే నాకు భయం ఉండదు, ఇప్పటికీ అంతే. తల ఎత్తాను. ఆఫీసరు వెనక గోడ మీద ఫ్యాక్టరీ పొగగొట్టం ఉందనుకున్నాను.

"అబద్ధం గాదు సార్. నా పెనిమిటి సచ్చిపోయి ఐదేండ్లు దాటింది. మా ఊర్ల ఎవలనడిగినా సెప్తరు. మీరే ముఖ పరీక్ష అని రాసి పంపిండ్రు. మొకం సూస్తరనుకున్నం. సూసేటట్లు రావాలె గదా అని మా అవ్వ పది రోజుల సంది పసుపు రాసింది. ఇయ్యాల బొట్టు పెట్టింది."

ముందు టోపీ ఆయన భుజాలు కదలడం మొదలైంది. "చెహ్రే కా ఇమ్తిహాన్" అని కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. "సాబ్, తర్జుమా తప్పేం లేదు." పెద్ద ఆఫీసరు కూడా మూతి బిగపట్టుకుని కలం మూత పెట్టాడు. ఆ మూత పెట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మేడం నవ్వలేదు. "బయట కూర్చున్నప్పుడైనా తెలిసి ఉంటుంది గదా, ముఖ పరీక్ష అంటే ఏమిటో. అప్పుడెందుకు తుడుచుకోలేదు?"

ఉన్నదే చెప్పాను. "మా అవ్వ పెట్టింది మేడం. ఉంచుకోవాలనిపించింది."

ఆమె ఆ మాట రాసుకుంది. తర్వాత అడిగింది. "సరే. రేపు నువ్వు ఒక ఊరికి పోతావు. పొద్దున్నే బాలింత ఉన్న ఇంటికి పోవాలి. నీ సంగతి వాళ్లకు తెలుసు. నువ్వు ఎదురొచ్చావని తలుపు మూసుకుంటారు. ఏం చేస్తావు?"

ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఉన్నా నేను చదవలేదు. కానీ దీని గురించి నాకు తెలిసినంత ఆ వరండాలో కూర్చున్న ఇరవై మందిలో ఎవరికీ తెలియదు.

"మా పెద్దబాపు గట్లనే చేస్తడు మేడం. నేను ఎదురొస్తే చెరుకు బండి ఆపుతడు. దిగి కూసుంటడు. ఇన్నొద్దులు నేనే తప్పుకున్న. ఇగ తప్పుకోను. తెల్లారి గూడ గదే తొవ్వల పోత. ఎల్లుండి గూడ పోత. ఎన్నొద్దులు ఆపుతడు? చెరుకు ఎండుతది గద?"

ఇప్పుడు మేడం నవ్వింది. గట్టిగా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా. ఆ మాట అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. పెద్ద ఆఫీసరు మాత్రం పరీక్షను పరీక్షలాగే ముగించాలనుకున్నాడు. పసుపు పండించే ఇంటిదాన్నని చెప్పగానే, ఉడికిందని ఎలా తెలుస్తుందని అడిగాడు.

"పుల్ల గుచ్చితే దిగాలె సార్. నురుగొచ్చి వాసన మారుతది. ఎక్కువ ఉడికితే రంగు పోతది, తక్కువ ఉడికితే ఇరుగుతది." చెరుకు గురించి అడిగాడు. అదీ చెప్పాను. మా ఊళ్లో ఆడవాళ్లు ఏ వేళకు చేతి పని ముగించుకుని మాట వినే తీరికలో ఉంటారని మేడం అడిగింది. వాళ్లకు తీరిక ఉండదు, పని చేస్తుండగానే పక్కన కూర్చుని మనమూ ఓ చెయ్యి వేస్తూ చెప్పాలని చెప్పాను. అరగంట పట్టింది. బయటికి వచ్చేసరికి అవ్వ గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉంది.

"మొకం సూసిండ్రా?" అంది.

"మంచిగ సూసిండ్రవ్వా."

నెల తిరక్కుండా రెండో లిఫాఫా వచ్చింది. ఎంపికయ్యాను, శిక్షణకు రమ్మన్నారు. పట్వారీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నేను సెప్పలే? మొకం సూసి ఇచ్చిండ్రు" అన్నాడు. ఆయన చనిపోయే దాకా ఆ మాట చెప్పుకుంటూనే ఉన్నాడు. నేను ఒక్కసారి కూడా దిద్దలేదు. ఆలోచిస్తే ఆయన చెప్పిందాంట్లో అంత తప్పేమీ కనిపించదు నాకు.

బొట్టు మాత్రం నేను తీయలేదు. పెద్దబాపు వాకిట్లో నిలబడి ఇంటి మీదికి కేకలేశాడు. "మొగడు సచ్చినదానికి బొట్టేంది? ఊర్ల తలెత్తుకోనిస్తరా?" బాపు ఏదో అనబోయాడు. ఎన్నడూ బావ ఎదుట గొంతెత్తని మా అవ్వ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. "ముగ్గురు ఆఫీసర్లు కూసోని సూసి, బాగుందన్న మొకం అది. కాయిదం సూపియ్యాల్నా బావా?" అంది. కాగితమనగానే పెద్దబాపు తువ్వాల దులుపుకుని పొలం దారి పట్టాడు.

శిక్షణ ముగించుకుని వచ్చే ఏటికి మా ఊరి చుట్టుపక్కల ఊళ్లే ఇచ్చారు నాకు. చెరుకు సీజన్ మొదలైంది. మొదటి పొద్దు, చేతిలో సంచి, నుదుట బొట్టు, బండ్ల బాటనే పట్టాను. ఎదురుగా, తోటలో చెరుకు నింపుకుని వస్తున్న పెద్దబాపు బండి. ఆపాడు. దిగాడు. కూర్చున్నాడు. నేను పొగగొట్టం ఎదురుగా ఉందనుకుని తల ఎత్తి దాటిపోయాను. మళ్లీ ఆయనకు చీటీ వచ్చిన రోజు కూడా అంతే. ఆపాడు, దిగాడు, కూర్చున్నాడు. ఈసారి ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్ల వరుసలో అందరికంటే వెనకబడ్డాడని, చెరుకు వాడిపోయిందని బాపు చెప్పాడు. చెబుతూ మీసం దువ్వుకున్నాడు.

మూడోసారి మంచు ఇంకా తేలలేదు. ఎడ్ల మెడలో గంటలు ముందు వినిపించాయి, తర్వాత బండి కనిపించింది. నేను తప్పుకోలేదు. పెద్దబాపు పగ్గాల మీద చెయ్యి బిగించాడు. ఒకసారి చెరుకు వంక చూసుకున్నాడు, ఒకసారి నా వంక. ఎడ్ల వంక కాదు, నా ముఖం వంకే. ఆరేళ్లలో అది మొదటిసారి. పగ్గాలు వదులు చేశాడు. బండి నా పక్కదాకా వచ్చింది. ఏదో ఒకటి అనాలి గదా అని కాబోలు, "పొద్దుగాల్నే ఎటు వోతున్నవ్ బిడ్డా?" అన్నాడు.

ఐదేళ్లు కొట్టంలో కూర్చున్నదాన్ని, ఆ మాట ఎలా వదులుతాను?

"బయలెల్లినోళ్లను ఎటు వోతున్నవని అడుగొద్దు పెద్దబాపు. అపశకునమైతది" అన్నాను.

ఆయన ముఖం ఒక్క క్షణం గట్టిపడింది. తర్వాత మీసాల కింద ఏదో కదిలింది. "పో, పో. నీ నోరు గూడ పరీక్షల నెగ్గిందే" అని ఎడ్లను అదిలించాడు. బండి ఆగలేదు.